ఐదింటికి బండి ఆపు: పల్సర్ మీద మొదటి ట్రిప్, టెంట్‌లో మొదటి రాత్రి

ప్రశ్న: "అన్నా, నాది గుంటూరు. వయసు 24. ఆరేళ్ల నాటి పల్సర్ 150 ఉంది. ఎప్పటికైనా లడఖ్ వెళ్లాలని, దారిలో టెంట్ వేసుకుని ఉండాలని ఆశ. దానికోసం ఈఎంఐలో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బండి తీసుకోవాలా? మొదటి ట్రిప్ ఎక్కడికి వెళ్లాలి? టెంట్ ఎక్కడ వేసుకోవాలి? అమ్మకి ఇదంతా చాలా టెన్షన్."

తమ్ముడూ, నేను ఉండేది విజయవాడ పటమటలో. ఆటోనగర్‌లో టూవీలర్ స్పేర్ పార్టుల షాపు నడుపుతున్నాను. ఇరవై రెండేళ్లుగా వీలు చిక్కినప్పుడల్లా బండి మీద ఊళ్లు తిరుగుతున్నాను, అందులో మొదటి పదేళ్లు 125 సీసీ బండి మీదే. నువ్వు చాలా అడిగావు గానీ, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది అడగలేదు. రోజూ ఎన్నింటికి బండి ఆపాలి? ముందు అది చెబుతాను, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

2011 మార్చి. సూర్యలంక, నిజాంపట్నం చూసుకుని రేపల్లె మీదుగా తెనాలి వైపు వస్తున్నాను. నిజాంపట్నంలో పడవల దగ్గర కబుర్లలో పడి ఆలస్యంగా బయల్దేరాను. ఎలాగైనా రాత్రి భోజనానికి ఇంట్లో ఉండాలన్న తొందర. ఆ రోజుల్లో అటు రోడ్లన్నీ మొక్కజొన్న కళ్లాలే. సగం రోడ్డు మీద గింజలు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చుతారు. పొద్దుగూకింది. ఎదురుగా వస్తున్న లారీ లైటు కళ్లలో కొట్టింది, రాయి కనపడలేదు. కాలర్ బోన్ విరిగింది. గింజలు ఆరబోసుకున్న వాళ్లే నన్ను లేపి, నీళ్లు తాగించి, ఆటో ఎక్కించి తెనాలి తీసుకెళ్లారు. నాతో పాటు వాళ్లింటి ఆడమనిషి కూడా వచ్చి, మా ఆవిడ వచ్చేదాకా ఆసుపత్రిలో కూర్చుంది. వాళ్లని తప్పుపట్టే ఆలోచన నాకు ఆ రోజూ రాలేదు, ఈ రోజూ లేదు. అదే రాయి పగలైతే దూరం నుంచే కనిపించేది.

అప్పటి నుంచి నాకు ఒకటే నియమం. సాయంత్రం ఐదింటికి బండి ఆగాలి. ఎక్కడున్నా సరే, అనుకున్న ఊరు ఇంకా నలభై కిలోమీటర్లు ఉన్నా సరే.

దీని వెనక లెక్క కూడా ఉంది. గంటకు 60లో వెళ్తుంటే, కన్ను చూసి చెయ్యి బ్రేక్ పట్టడానికి ఒక సెకను అనుకో, ఆ ఒక్క సెకనులోనే బండి దాదాపు 17 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ తర్వాత మంచి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేసినా మొత్తం 40 మీటర్లకి ఆగుతుంది. 80లో ఉంటే అదే 65 మీటర్ల దాకా పోతుంది. స్పీడు రెట్టింపయితే బ్రేక్ పట్టాక పోయే దూరం నాలుగు రెట్లు. మామూలు బండి లైటు డిమ్‌లో 65 మీటర్ల అవతల ఉన్న నల్ల గేదెని చూపించదు. వెనక లైటు లేని ట్రాక్టరునీ, పక్కలకి పొంగిపోయిన పత్తి లోడునీ చూపించదు. డిసెంబర్‌లో మనవైపు ఐదున్నర దాటిన కాసేపటికే పొద్దు వాలిపోతుంది. ఐదింటికి ఆగితే ఇంకా అరగంట వెలుతురు చేతిలో ఉంటుంది. గది వెతుక్కోవడానికైనా, టెంట్ వేసుకోవడానికైనా ఆ అరగంటే కావాలి.

ఇక రోజుకి ఎంత దూరం అన్న ప్రశ్నకి జవాబు దానంతట అదే వస్తుంది. ఉదయం ఆరున్నరకి బయల్దేరి, టిఫిను, టీలు, భోజనం, ఫొటోలు అన్నీ కలుపుకుంటే రెండు లైన్ల రోడ్డు మీద సగటున గంటకి 35 దాటదు. అంటే ఐదింటి దాకా లెక్కకి 350 దాకా వస్తుంది, కానీ మొదట్లో ఒళ్లు అలవాటయ్యేదాకా రోజుకి 250 కిలోమీటర్లే పెట్టుకో. నేషనల్ హైవే మీద ఇంకో వంద ఎక్కువ వెళ్లొచ్చు, టూవీలర్‌కి టోల్ కూడా లేదు. కానీ నాలుగు లైన్ల రోడ్డు మీద గంటల తరబడి ఒకే స్పీడులో పోతే కళ్లు మూతలు పడతాయి. ప్రతి గంటన్నరకీ దిగి పది నిమిషాలు నడువు.

బండి సంగతి. ఇప్పుడే హిమాలయన్ కొనొద్దు. అది చెడ్డ బండి అని కాదు, నాకు చాలా ఇష్టమైన బండి. కానీ దాని బరువు 196 కిలోలు, నీ పల్సర్ దాదాపు 150. మట్టి రోడ్డు మీద లగేజీతో పడిపోయిన బండిని ఒక్కడివే లేపినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. నెలనెలా కట్టే వాయిదా నీ ట్రిప్పుల డబ్బుని తినేస్తుంది, ఎత్తు బండి ఇంటి ముందు నిలబడి ఉంటుంది. నా షాపుకొచ్చే కుర్రాళ్లలో ఇది చాలాసార్లు చూశాను, బాధేస్తుంది. పల్సర్ ట్యాంకు 15 లీటర్లు, లీటరుకి 40 వేసుకున్నా నిండు ట్యాంకు మీద 600 కిలోమీటర్లు. ఆంధ్రాలో నువ్వు చూడాలనుకునే ఏ ఊరికైనా అది తీసుకెళ్తుంది. రెండేళ్లు దాని మీద తిరుగు. అప్పటికి నీకు నిజంగా మట్టి దారులే ఇష్టమో, ఘాట్ రోడ్లే ఇష్టమో తెలుస్తుంది. అప్పుడు కొను.

మిగిలిన డబ్బుతో ముందు ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, తర్వాత గ్లౌజులు, తర్వాత చీలమండ దాకా కప్పే బూట్లు, ఆ తర్వాత మోచేతులకీ భుజాలకీ ప్యాడ్లున్న జాకెట్ తీసుకో. ఈ వరసలోనే. పడే మనిషి ముందు చేతులే ఆనిస్తాడు, అందుకే గ్లౌజుల్ని జాకెట్ కంటే ముందు పెట్టాను.

ఆరేళ్ల బండి కాబట్టి బయల్దేరే వారం ముందు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్, హెడ్‌లైటు, వీల్ బేరింగులు చూపించు. బయల్దేరే రోజు చూపించొద్దు. రిపేరు చేసిన బండిని కనీసం యాభై కిలోమీటర్లు ఊళ్లోనే తిప్పి చూడాలి, ఏ నట్టు వదులైనా అక్కడే బయటపడుతుంది. వెంట ఒక క్లచ్ కేబుల్, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు, చైన్ లూబ్ ఉంచుకో. సుమారు 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆ సాయంత్రమే చైన్‌కి లూబ్ కొట్టు. పంక్చర్ వేయడం ఇంటి దగ్గర పాత టైరు మీద ఒకసారి నేర్చుకో.

ఇప్పుడు మొదటి ట్రిప్. ముందు కొండవీడు. నీకు గంటలోపు దూరం. రెడ్డి రాజుల కోట చూడటం ఒకటి, అక్కడి ఘాట్ రోడ్డు మీద లగేజీ కట్టుకుని ఎక్కి దిగడం నేర్చుకోవడం ఇంకొకటి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో, క్లచ్ పట్టుకుని జారుతూ దిగితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మలుపు తిరిగాక బ్రేక్ పట్టడం కాదు, మలుపులోకి పోకముందే స్పీడు తగ్గించుకోవాలి. రెండు ఆదివారాలు పొద్దున్నే వెళ్లొస్తే చేతికి అలవాటవుతుంది.

తర్వాత శ్రీశైలం. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా సుమారు 220 కిలోమీటర్లు. దోర్నాల నుంచి పైకి నల్లమల. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అది, దేశంలోనే విస్తీర్ణంలో పెద్దది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు గేటు వేసేస్తారు. అడవి మధ్యలో ఆగి భోజనాలు పరచడం, కోతులకి తిండి పెట్టడం చేయొద్దు. ఆ కోతులు రోడ్డు మీదే కాపురం పెట్టి బండ్ల కింద పడుతున్నది మనం వేసే అరటిపండ్ల వల్లే. శ్రీశైలంలో టెంట్ ఆలోచనే వద్దు. దేవస్థానం గదులున్నాయి, సత్రాలున్నాయి. శివరాత్రి, కార్తీక సోమవారాలు తప్పించి వెళ్తే గది దొరకడం కష్టం కాదు.

మూడోది మారేడుమిల్లి. నాకు ప్రాణమైన దారి. విజయవాడ నుంచి రాజమండ్రి సుమారు 155, అక్కడి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా ఇంకో 85 కిలోమీటర్లు. గోకవరం దాటిన తర్వాత గాలి మారడం హెల్మెట్ లోపలే తెలుస్తుంది. రంపచోడవరంలో పెట్రోలు నింపుకో, ఆ తర్వాత సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఇంటికి ఫోన్ కూడా అక్కడే చెయ్యి. అటవీశాఖ ఎకో టూరిజం కాటేజీలు ముందే బుక్ చేసుకో. జలతరంగిణి జలపాతం దగ్గర నాచు పట్టిన బండల మీద నిలబడి సెల్ఫీలు వద్దు. వానాకాలంలో రోడ్డు మీదకి వాగు పారుతుంటే లోతు తెలిసినా దాటొద్దు. మోకాలి లోతు పారే నీళ్లు బండిని పక్కకి తోసేస్తాయి.

మారేడుమిల్లి గురించి ఇంకొక్క మాట. ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమల మందు రాసుకో, సాయంత్రం నిండు చేతుల చొక్కా వేసుకో. తిరిగొచ్చాక కొన్ని నెలల లోపు ఎప్పుడు చలిజ్వరం వచ్చినా రక్తపరీక్ష చేయించుకో, నువ్వు ఏజెన్సీకి వెళ్లొచ్చావని డాక్టరుకి నువ్వే చెప్పు. చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరమనుకుని నాలుగు రోజులు పోతాయి. మా జట్టులో ఒకతనికి అలాగే జరిగింది, లేచి తిరగడానికి నెల పట్టింది.

టెంట్ గురించి నువ్వు ఎక్కువ ఆశపడ్డావు కాబట్టి వివరంగా చెబుతాను. మొదటి రాత్రి టెంట్ మీ మేనమామ పొలంలోనో, తాతగారి మామిడి తోటలోనో వెయ్యి. నిజంగానే అంటున్నాను. నీకు తెలిసిన నేల, పిలిస్తే పలికే మనుషులు, అర్ధరాత్రి వానొస్తే వెళ్లి పడుకోవడానికి వసారా. ఆ ఒక్క రాత్రిలో టెంట్ గురించి తెలియాల్సింది చాలావరకు తెలిసిపోతుంది. ఏ రాయి వీపుకి గుచ్చుకుంటుంది, మన కోస్తా తేమకి లోపల గుడ్డ మీద చెమటలా నీళ్లు ఎలా పడతాయి, తెల్లవారుజామున ఎంత చలేస్తుంది, ఇవన్నీ. అందుకే లోపల దోమతెర గుడ్డ, పైన విడిగా వాన కవరు ఉన్న టెంట్ తీసుకో. ఒక్కడికైనా ఇద్దరు పట్టేదే తీసుకో, బ్యాగు, హెల్మెట్, బూట్లు లోపల పెట్టుకోవాలి. కింద పరిచే ప్లాస్టిక్ పట్టా టెంట్ అంచు దాటి బయటికి రాకూడదు, వస్తే వాన నీళ్లని అదే పట్టి టెంట్ కిందికి తెస్తుంది.

రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా టెంట్ వేయడం, మంట పెట్టడం నేరం. వేసవిలో నల్లమలలో ఒక్క నిప్పురవ్వ చాలు. కృష్ణలో ఇసుక తిన్నెల మీద కూడా వద్దు. చూడటానికి అంతకంటే అందమైన చోటు ఉండదు, నాకూ తెలుసు. కానీ పైన సాగర్ నుంచో పులిచింతల నుంచో నీళ్లు వదిలితే రాత్రికి రాత్రి తిన్నె మునుగుతుంది. ఎండిన వాగులోనూ అంతే, పైన కొండల్లో వాన పడితే నీ దగ్గర చినుకు లేకపోయినా వాగు వస్తుంది. సముద్రం ఒడ్డున అయితే తడి ఇసుక గీత దాటి బాగా పైకి, ఊరివాళ్లని అడిగి. కొబ్బరి చెట్టు కింద ఎక్కడా వద్దు.

అడిగి వేసుకోవడం అన్నిటికంటే మంచిది. ఐదింటికి ఆగితే అడగడానికి మనుషులు ఉంటారు. పొలంలో ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్లి, హెల్మెట్ తీసి, ఎవరివో, ఎక్కడి నుంచి వస్తున్నావో, పొద్దున్నే వెళ్లిపోతానని చెప్పు. నన్ను కాదన్నవాళ్లు చాలా తక్కువ. చాలాసార్లు రాత్రి అన్నం కూడా వాళ్లింట్లోనే. చీకటి పడ్డాక అదే పొలంలో టార్చి వేసుకుని తిరిగితే దొంగ అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

వెలుతురులోనే టెంట్ వేయాలనడానికి ఇంకో కారణం పాములు. దివిసీమ, డెల్టా పొలాల్లో వానాకాలం పాముకాట్లు ఎక్కువ. పుట్టలు, కలుగులు, గడ్డివాములు, కట్టెల మోపులకి దూరంగా, శుభ్రమైన నేల చూసుకో. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. దాని కాటుకి నొప్పి, వాపు పెద్దగా ఉండవు. చీమ కుట్టిందనుకుని పడుకుంటారు, కొన్ని గంటలకి రెప్పలు వాలిపోతాయి, మాట తడబడుతుంది, ఊపిరి అందదు. అందుకే టెంట్ జిప్పు ఎప్పుడూ మూసే ఉంచు, లోపలికొచ్చాక ఒక్క నిమిషం కూడా తెరిచి ఉంచొద్దు. రాత్రి బయటికొస్తే టార్చి, బూట్లు తప్పనిసరి. పొద్దున బూట్లు బోర్లించి దులిపాకే కాలు పెట్టు, తేళ్లుంటాయి. పాము కరిచినట్టు అనుమానం వచ్చినా చాలు, తాడు బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం కోసం తిరగొద్దు. కాలు కదపకుండా 108 పిలిచి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లు. మనవైపు ఎక్కువగా ప్రాణాలు తీసే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే ఇంజెక్షన్. పాముని పట్టుకెళ్లి చూపించాల్సిన పని లేదు.

వంట సంగతి తేలిక. ఇంట్లోనే ఉప్మా రవ్వ వేయించి, పోపు, ఎండుమిర్చి, కరివేపాకు, ఉప్పు కలిపి డబ్బాలో పోసుకెళ్తే మరిగే నీళ్లలో వేస్తే ఐదు నిమిషాల్లో ఉప్మా. కొంచెం కందిపొడి, గోంగూర పచ్చడి ఉంటే ఇంకేం కావాలి. చిన్న గ్యాస్ స్టవ్ చాలు. వానొచ్చినా, చలేసినా స్టవ్ టెంట్ లోపల వెలిగించొద్దు. నిప్పు భయం ఒకటే కాదు, మూసిన చోట మంట వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

లగేజీలో బరువైనవి కిందా, సీటుకి దగ్గరగా ఉండాలి. అన్నీ తెచ్చి వెనక చివర కడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. సాగే హుక్కు తాళ్లని నమ్మొద్దు, గతుకుల్లో ఊడి చైన్‌లో చుట్టుకుంటాయి. బకిల్ ఉన్న పట్టీలు వాడు, మొదటి ఇరవై కిలోమీటర్ల తర్వాత ఆగి మళ్లీ బిగించు. బట్టల్ని బ్యాగులో పెట్టే ముందు యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు లాంటిది శుభ్రంగా కడిగి అందులో పెట్టు. వేల రూపాయల రెయిన్ కవర్ కంటే నాకు అదే ఎక్కువ పనిచేసింది.

కాలం: నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా మనకి బంగారు రోజులు. అక్టోబర్, నవంబర్‌లలో తుపాను హెచ్చరిక చూడకుండా తీరం వైపు వెళ్లొద్దు. ఏప్రిల్, మే ఎండల్లో మానేస్తేనే మంచిది. తప్పదంటే పొద్దున పదిలోపు ఆగిపో. ఒంటి చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది, 42 డిగ్రీల గాలి మొహానికి కొడితే అది చల్లబరచదు, వేడెక్కిస్తుంది, చెమటని తెలియకుండానే ఆరబెట్టేస్తుంది. బనియన్ తడిపి వేసుకుని పైన జాకెట్ తొడుక్కో, ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండు.

అమ్మ సంగతి. భయపడొద్దమ్మా అని చెబితే ఆవిడ భయం తగ్గదు. మ్యాప్ ముందు పెట్టి, ఏ రోజు ఏ ఊళ్లో ఆగుతావో చూపించు. సాయంత్రం ఐదింటికి బండి ఆపగానే ఫోన్ చేస్తానని మాటివ్వు, సిగ్నల్ లేని చోటైతే ముందే చెప్పు. ఆ ఫోన్ ఒక్కరోజు కూడా తప్పకుండా మూడు ట్రిప్పులు చెయ్యి. మా అమ్మ రెండో ఏడాది నుంచి తనే పులిహోర కట్టి ఇచ్చేది, తిరిగొచ్చాక ఎక్కడెక్కడ ఆగానో అడిగి మరీ చెప్పించుకునేది. ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి తీసి చూడు. థర్డ్ పార్టీతో పాటు నీ పేరు మీద 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందో లేదో చూసుకో. రెన్యువల్‌లో చాలామంది అది వదిలేస్తున్నారు.

లడఖ్‌కి వెళ్లు, తప్పకుండా వెళ్లు, కానీ రెండేళ్ల తర్వాత. బండిని విజయవాడ స్టేషన్ నుంచి ఢిల్లీకి రైల్లో పార్సిల్ వేయొచ్చు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేసి, గోనెపట్టాతో చుట్టించి, ఆర్‌సీ కాపీ ఇవ్వాలి. మన లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, లేహ్ 3,500. అక్కడ ఊపిరి అందకపోవడానికి వయసుతో, జిమ్ కండలతో సంబంధం లేదు. మొదటి రెండు రోజులు బండి ముట్టుకోకుండా లేహ్‌లో ఊరికే ఉండాలి. ఇక్కడ ఐదింటికి ఆగడం అలవాటైనవాడికి అక్కడ రెండు రోజులు ఆగడం కష్టమనిపించదు.

ముందు ఈ డిసెంబర్‌లో తోటలో ఆ ఒక్క రాత్రి పడుకో. పొద్దున టెంట్ మంచుకి తడిసి ఉంటుంది, తొందరలో అలాగే చుట్టేస్తారు అందరూ. ఇంటికి రాగానే డాబా మీద పూర్తిగా ఆరబెట్టి అప్పుడు మడువు, లేకపోతే వారంలోనే బూజు పట్టి వాసనొస్తుంది, కుట్ల దగ్గర పూత లేచిపోయి మళ్లీ వానకి ఆగదు.